రూట్ కెనాల్ తర్వాత వేరు చుట్టూ ఏం జరుగుతుంది?

రూట్ కెనాల్ చేయించుకున్నవాళ్లు డాక్టర్‌ను అడిగే ప్రశ్నలు నల్గొండ క్లాక్ టవర్ దగ్గరి క్లినిక్‌లోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా దాదాపు ఒకటే. మొదటిది: "నరం తీసేసిన్రు కదా సార్, మళ్లీ నొప్పెందుకు లేస్తుంది?" రెండోది కొన్ని నెలల తర్వాత వస్తుంది. ఎక్స్‌రేలో వేరు కింద నల్లటి మచ్చ ఇంకా కనిపిస్తే, "అంటే ఫెయిలైనట్టేనా?" అని టెన్షన్ పడతారు. ఈ రెండింటికీ జవాబు పన్ను లోపల దొరకదు, వేరు చుట్టూ ఉన్న కణజాలంలో ఉంటుంది. ఆ కణజాలం గురించి రోగికి చెప్పేవాళ్లు తక్కువ. చెప్పకపోవడం వల్ల నిలబడాల్సిన పళ్లు కూడా పీకించుకుంటున్నారు.

పన్ను నేరుగా ఎముకలో పాతుకుని ఉండదు. వేరుకూ దవడ ఎముకకూ మధ్య, మిల్లీమీటరులో ఐదో వంతు మందాన ఒక పొర ఉంటుంది. దీన్ని పెరియోడాంటల్ లిగమెంట్ అంటారు. సన్నని నారపోగులు ఒకవైపు వేరు మీది సిమెంటమ్ పొరలోనూ, రెండోవైపు ఎముకలోనూ గుచ్చుకుని పన్నును పట్టి ఉంచుతాయి. ఈ పొరలో రక్తనాళాలున్నాయి, నరాలున్నాయి, అవసరమైతే ఎముకనూ సిమెంటమ్‌నూ కొత్తగా తయారుచేయగల కణాలూ ఉన్నాయి. అన్నంలో చిన్న రాయి పంటికి తగలగానే ఉలిక్కిపడేది ఈ పొరలోని నరాల వల్లే.

రూట్ కెనాల్‌లో తీసేది పన్ను లోపలి గుజ్జును, అందులోని నరాన్ని మాత్రమే. బయటి పొరలోని నరాలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఫైల్స్ అనే సన్నని పరికరాలతో గీకినప్పుడు, క్రిములను చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రవంతో కడిగినప్పుడు, చివరకు నింపినప్పుడు వేరు కొన దగ్గర ఎంతో కొంత రేపుడు తప్పదు. అక్కడ కాస్త వాపు వస్తుంది, పన్ను వెంట్రుక వాసి పైకి లేచినట్టవుతుంది, కొరికితే సలుపుతుంది. మామూలుగా ఇది కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. రోజురోజుకూ తగ్గుతున్న నొప్పికి భయపడనక్కర్లేదు. రోజురోజుకూ పెరిగినా, దవడ ఉబ్బినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

అసలు వేరు కొన దగ్గర నల్లమచ్చ ఎందుకొస్తుంది? పుచ్చు లోతుగా దిగి గుజ్జు చచ్చిపోయాక, అది ఉండే వేరు లోపలి కాలువలో రక్తప్రసారం ఉండదు. క్రిములు లోపల స్థిరపడతాయి. శరీరం పంపే రక్షక కణాలు అక్కడికి చేరలేవు, చేరడానికి దారే లేదు. కానీ క్రిముల విషపదార్థాలు వేరు కొనలోని సన్నటి రంధ్రం గుండా బయటికి కారుతుంటాయి. అప్పుడు శరీరం ఆ రంధ్రం ముందే అడ్డుకట్ట వేస్తుంది. క్రిములనూ చెత్తనూ మింగే మాక్రోఫేజ్‌లు, లింఫోసైట్లు లాంటి రక్షక కణాలు అక్కడ గుమిగూడతాయి. వాటికి చోటు కావాలి. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలు పనిలోకి దిగి ఆ మేరకు ఎముకను ఖాళీ చేస్తాయి. ఎక్స్‌రేలో నల్లగా కనిపించేది ఆ ఖాళీయే. "ఎముకను పురుగు తినేసింది" అని ఊళ్లలో అనుకుంటారు గానీ, ఎముకను తీసింది శరీరమే. క్రిములు ఎముకలోకి పాకకుండా కాపలా పెట్టడానికి తీసింది. అందుకే లోపలి మూలం పోతే, ఆ ఎముకను తిరిగి కట్టే శక్తి కూడా శరీరానికే ఉంది.

ఈ విషయం తేలడానికి వైద్యులకు చాలా కాలం పట్టింది. 1931లో రికర్ట్, డిక్సన్ అనే ఇద్దరు పరిశోధకులు జంతువుల చర్మం కింద బోలు గొట్టాలు పెట్టి చూసి, గొట్టం కొనల దగ్గర వాపు రావడం గమనించారు. దాంతో ఖాళీగా ఉన్న కాలువే కణజాలాన్ని రేపుతుందనే నమ్మకం బలపడింది. ఎలాగైనా నింపేస్తే చాలు, అదే వైద్యం అన్న ఆలోచన చాలాకాలం నడిచింది. 1966లో టోర్నెక్ అలాంటి ప్రయోగమే ఎలుకల మీద మళ్లీ చేశాడు. శుభ్రమైన ఖాళీ గొట్టాల చుట్టూ కణజాలం పెద్దగా రేగలేదు. చచ్చిన కండ, క్రిములు పెట్టిన గొట్టాల దగ్గరే మంట పుట్టింది. అంతకు ఏడాది ముందు, 1965లో, కాకెహాషి బృందం చేసిన ప్రయోగం ఇంకా స్పష్టమైనది. మామూలు ఎలుకల పంటి గుజ్జును తెరిచి వదిలేస్తే గుజ్జు చచ్చి వేరు కింద చీముగడ్డలు వచ్చాయి. క్రిములే లేని వాతావరణంలో పెంచిన ఎలుకల్లో అదే గాయం చేస్తే, తిండి ఇరుక్కున్నా సరే, గుజ్జు బతికింది, దాని మీద కొత్త డెంటిన్ (ఎనామెల్ కింద ఉండే గట్టి పదార్థం) వంతెనలా కట్టింది. 1976లో సుండ్‌క్విస్ట్ మనుషుల్లోనూ దీన్నే చూపించాడు. దెబ్బ తగిలి గుజ్జు చచ్చిన పళ్లలో, క్రిములు లేని వాటి వేరు కింద ఎముక చెక్కుచెదరలేదు.

కాబట్టి ఎముక మానేది ప్రధానంగా శుభ్రం చేయడం వల్ల. నింపడం ఆ శుభ్రతను నిలబెట్టడానికి. ఎంత కడిగినా కాలువ కొమ్మల్లో, డెంటిన్ గొట్టాల్లో కొన్ని క్రిములు మిగులుతాయి. ఫిల్లింగ్ వాటిని లోపలే మూసేస్తుంది, కింది నుంచి కణజాల ద్రవం ఊరి వాటికి ఆహారం కాకుండా ఆపుతుంది, పైనుంచి లాలాజలం దిగకుండా అడ్డుపడుతుంది. 1997లో స్యోగ్రెన్ బృందం ప్రచురించిన అధ్యయనం ఈ తేడాను అంకెల్లో చూపింది. వేరు కింద మచ్చ ఉన్న 55 పళ్లను నింపే ముందు కాలువలో క్రిములున్నాయా అని పరీక్షించి, ఐదేళ్ల వరకు చూశారు. క్రిములు దొరకని పళ్లలో 94 శాతం మానాయి. క్రిములు ఉండగానే నింపిన పళ్లలో 68 శాతమే మానాయి. ఒకే మందు, ఒకే పద్ధతి. ఒక్క సిట్టింగ్‌లో హడావిడిగా అయిపోవాలని డాక్టర్ మీద ఒత్తిడి పెట్టేవాళ్లు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. ఒక్క సిట్టింగ్‌లో చేయడం తప్పు కాదు, శుభ్రం చేయడానికి పట్టే సమయాన్ని కోసేయడం తప్పు.

ఇప్పుడు నింపే పదార్థం సంగతి. కాలువలో పెట్టేది గులాబీ రంగు గట్టాపెర్చా కడ్డీ. ఇది మలయా ప్రాంతపు పలాక్వియమ్ చెట్ల పాల నుంచి వచ్చే పదార్థం. 1867 నుంచి పళ్ల కాలువలు నింపడానికి వాడుతున్నారు. నిజానికి ఆ కడ్డీలో గట్టాపెర్చా ఐదో వంతే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం జింక్ ఆక్సైడ్. ఎక్స్‌రేలో తెల్లగా కనిపించడానికి బేరియం సల్ఫేట్ లాంటివి కలుపుతారు. కడ్డీకీ గోడకూ మధ్య సందులు పూడ్చడానికి సీలర్ అనే జిగట ముద్ద పూస్తారు. ఈ రెండూ వేరు కొన దగ్గర కణజాలాన్ని తాకుతాయి. తాకినప్పుడు ఏమవుతుందన్నది పదార్థాన్ని బట్టి, పరిమాణాన్ని బట్టి మారుతుంది.

గట్టాపెర్చా శరీరానికి చాలావరకు సరిపడే పదార్థమే. అయితే 1995లో స్యోగ్రెన్, సుండ్‌క్విస్ట్, నాయర్ గినీ పందుల్లో చూపిన విషయం ఆసక్తికరమైనది. పెద్ద ముక్కల చుట్టూ శరీరం నారపోగుల పొరను అల్లి, మంట లేకుండా ఊరుకుంది. అదే గట్టాపెర్చాను సన్నటి పొడిలా చేసి పెడితే, మాక్రోఫేజ్‌లు, అవి కలిసి ఏర్పడిన పెద్ద పెద్ద జెయింట్ కణాలు చుట్టుముట్టి గట్టిగా రేగాయి. కాలిలో విరిగిన తుమ్మముల్లు చుట్టూ కండ గట్టిపడి అది ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోవడం చేలల్లో నడిచేవాళ్లకు తెలిసిందే. పెద్ద ముక్కతో జరిగేది అలాంటిదే. పొడిని మాత్రం ఒక్కో కణం మింగబోతుంది, అరిగించుకోలేదు, మింగలేక రసాయనాలు వదులుతూనే ఉంటుంది. అందువల్ల వేరు కొన దాటి బయటికొచ్చిన గట్టాపెర్చా ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, అది ఎలాంటి స్థితిలో ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

సీలర్ల కథ వేరు. దాదాపు అన్ని సీలర్లూ తడిగా ఉన్నప్పుడు కణాలకు ఎంతో కొంత విషమే, గట్టిపడ్డాక ఆ గుణం తగ్గుతుంది. జింక్ ఆక్సైడ్, యూజినాల్ కలిపిన సీలర్ చాలా పాతది, ఇప్పటికీ వాడుకలో ఉంది. పంటి నొప్పికి దూదిలో ముంచి పెట్టుకునే లవంగ నూనెలో ప్రధానంగా ఉండేది ఈ యూజినాలే. కొద్దిగా ఉంటే నొప్పి తగ్గిస్తుంది, ఎక్కువైతే కణాలను చంపుతుంది. తేమ తగిలినప్పుడు గట్టిపడిన సీలర్ నుంచి కూడా అది మెల్లమెల్లగా విడుదలవుతుంది. ఎపాక్సీ రెజిన్ సీలర్లలో పాత రకం గట్టిపడేటప్పుడు కొంత ఫార్మాల్డిహైడ్ వదిలేది, తర్వాతి రకాల్లో ఆ లోపం సరిచేశారు. పారాఫార్మాల్డిహైడ్‌ను కావాలని కలిపిన పేస్టులు కూడా ఒకప్పుడు బాగా నడిచాయి. వీటి విషయంలో మొహమాటం అక్కర్లేదు: అవి తాకిన కణజాలాన్ని చంపుతాయి. కింది దవడలో నరం ఉన్న కాలువలోకి జారితే పెదవి, గడ్డం శాశ్వతంగా మొద్దుబారవచ్చు. వాటిని వాడకూడదు.

కాల్షియం హైడ్రాక్సైడ్‌ను 1920లో హెర్మాన్ దంతవైద్యంలోకి తెచ్చాడు. దాని పీహెచ్ దాదాపు 12.5, అంత క్షారంలో చాలా క్రిములు బతకవు. సిట్టింగ్‌ల మధ్య కాలువలో పెట్టే తెల్లటి పేస్టు ఎక్కువగా ఇదే. 1990ల్లో అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో టోరాబినెజాద్ బృందం ఎమ్‌టీఏ అనే కాల్షియం సిలికేట్ సిమెంటును రూపొందించింది. ఇది తేమలోనే గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు వదిలే కాల్షియం, కణజాల ద్రవంలోని ఫాస్ఫేటుతో కలిసి ఉపరితలం మీద ఎముక ఖనిజం లాంటి పొరను ఏర్పరుస్తుంది. జంతువులపై ప్రయోగాల్లో ఎమ్‌టీఏ మీద నేరుగా సిమెంటమ్ పేరుకోవడం కనిపించింది. మిగతా పదార్థాలను కణజాలం ఓర్చుకుంటుంది, దీన్ని మాత్రం తనలో కలుపుకుంటుంది. ఇప్పుడు క్లినిక్‌లలో "బయోసెరామిక్" పేరుతో చెబుతున్న సీలర్లు ఈ కుటుంబానివే. అయినా ఒక మాట: శుభ్రం చేయని కాలువలో ఎంత ఖరీదైన బయోసెరామిక్ పోసినా ఎముక మానదు. బిల్లులో సీలర్ పేరు కన్నా, పని చేసేటప్పుడు లాలాజలం దిగకుండా పన్ను చుట్టూ రబ్బరు షీటు కట్టారా, కాలువలన్నీ దొరికాయా అన్నది ముఖ్యం.

ఫిల్లింగ్ ఎక్కడ ఆగాలి అన్నది కూడా చిన్న విషయం కాదు. కాలువ చివర, వేరు కొనకు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఇవతల సన్నబడుతుంది. ఫిల్లింగ్ అక్కడే ఆగితే, తెరిచి ఉన్న గాయం చాలా చిన్నది, దాని మీద సిమెంటమ్ కమ్ముకోవడం సులువు. ఎక్స్‌రేలో కొనకు రెండు మిల్లీమీటర్ల లోపు ఆగిన ఫిల్లింగ్‌లకే ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. మరీ పొట్టిగా ఆగితే మిగిలిన కాలువలో క్రిములు ఉండిపోతాయి. దాటి బయటికొస్తే పదార్థం రేపడం ఒక ఎత్తు, దాంతోపాటు లోపలి క్రిముల్ని కూడా ఎముకలోకి నెట్టడం ఇంకో ఎత్తు. కొంచెం సీలర్ చుక్కలా బయటికొచ్చినా, కాలువ శుభ్రంగా ఉంటే ఎముక సాధారణంగా మానుతుంది. ఆ చుక్కను శరీరం నెలల మీద, కొన్నిసార్లు ఏళ్ల మీద కరిగించుకుంటుంది. ఆ తెల్ల చుక్కను చూసి పన్ను పీకేయమనడం తొందరపాటు.

మానడం ఎలా సాగుతుందంటే, ముందుగా విషం కారడం ఆగుతుంది. నీటి వాపు దిగుతుంది. మాక్రోఫేజ్‌లు చచ్చిన కణాల చెత్తను ఎత్తేస్తాయి. కొత్త రక్తనాళాలు అల్లుకుంటాయి. ఆస్టియోక్లాస్ట్‌లు తగ్గి, ఎముక కట్టే ఆస్టియోబ్లాస్ట్‌లు మచ్చ అంచుల నుంచి లోపలికి పని మొదలుపెడతాయి. మొదట వచ్చేది ఖనిజం పట్టని మెత్తటి ఎముక. దానికి కాల్షియం పట్టి, పోగులు సర్దుకుని, చివరికి వేరు చుట్టూ ఆ సన్నని లిగమెంట్ గీత మళ్లీ తేలాలి. దీనికంతటికీ వారాలు కాదు, నెలలు పడతాయి.

ఎక్స్‌రే ఇంకా ఆలస్యంగా చెబుతుంది. 1961లో బెండర్, సెల్ట్‌జర్ మృతదేహాల దవడ ఎముకల్లో కావాలని గుంటలు చేసి ఎక్స్‌రేలు తీశారు. లోపలి మెత్తని ఎముకలో మాత్రమే గుంట ఉంటే ఫిల్మ్‌లో కనిపించనే లేదు, బయటి గట్టి పెంకు దెబ్బతిన్నాకే కనిపించింది. అంటే మచ్చ లేదన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు. మచ్చ ఉందన్నంత మాత్రాన మానడం లేదని కూడా కాదు. ఓస్లోలో ఓర్‌స్టావిక్ 1996లో ప్రచురించిన పరిశీలనలో, మానే పళ్లలో ఎక్కువ శాతం మొదటి ఏడాదికే ఆ సూచన చూపాయి, పూర్తిగా మానడానికి మరికొంత కాలం పట్టింది. యూరోపియన్ ఎండోడాంటాలజీ సంఘం మార్గదర్శకాలు కనీసం ఏడాది తర్వాత ఎక్స్‌రే తీసి చూడాలని, అనుమానం ఉంటే నాలుగేళ్ల వరకు గమనించాలని చెబుతాయి. ఆరో నెలలో మచ్చ చిన్నదైతే అది మానుతున్న పన్నే. షుగర్ అదుపులో లేనివారిలో, పొగ తాగేవారిలో ఈ పని నెమ్మదిస్తుంది.

దక్షిణ తెలంగాణలో రూట్ కెనాల్ పళ్లకు అసలు గండం ఇక్కడే, ఈ నెలల వ్యవధిలోనే వస్తుంది. పని మధ్యలో ఆగిపోతుంది. కోస్గి, మద్దూరు, మక్తల్ వైపు నుంచి పుణె, ముంబయి పనులకు వెళ్లేవాళ్ల సంగతే చూస్తే, పండుగకు ఊరొచ్చినప్పుడు పన్ను నొప్పి లేస్తుంది, రెండు సిట్టింగ్‌లు అవుతాయి, నొప్పి తగ్గుతుంది, మేస్త్రీ ఫోన్ చేస్తాడు, బస్సెక్కేస్తారు. పన్ను మీద మిగిలేది తాత్కాలిక ఫిల్లింగ్. అది సరిగ్గా మూడున్నర మిల్లీమీటర్ల మందం ఉన్నా కొన్ని వారాల కోసం తయారైన పదార్థమే, జొన్న రొట్టె నమలడానికి కాదు. అరిగిపోతుంది, పగులుతుంది, లాలాజలం దిగుతుంది. కాలువ చక్కగా నింపి ఉన్నా అది ఆగదు. 1990లో టోరాబినెజాద్ బృందం పీకిన పళ్ల కాలువలు నింపి, పైభాగం తెరిచి క్రిముల ముందు ఉంచింది. ఒక రకం క్రిమితో 19 రోజులకే, మరో రకంతో 42 రోజులకు సగానికి పైగా కాలువలు చివరిదాకా కలుషితమయ్యాయి. నొప్పి లేదు కాబట్టి పన్ను బాగుందనుకునే ఆ నెలన్నరలో, వేరు కింద మానడం మొదలైన ఎముక మళ్లీ కరగడం మొదలుపెడుతుంది. గుజ్జు లేదు కాబట్టి పన్ను జివ్వుమని హెచ్చరించదు. ఆ మౌనం ప్రమాదకరం.

పైభాగం మూతకు ఎంత విలువుందో 1995లో రే, ట్రోప్ చేసిన పరిశీలన చూపింది. వెయ్యికి పైగా పళ్ల ఎక్స్‌రేలు చూస్తే, కాలువా మూతా రెండూ బాగున్న పళ్లలో 91 శాతానికి వేరు కింద మంట లేదు. రెండూ బాగాలేనివాటిలో మంట లేనివి 18 శాతమే. కాలువ పని ఎంత ముఖ్యమో, దాని మీది ఫిల్లింగ్, క్యాప్ కూడా అంతే ముఖ్యం. "క్యాప్‌కు మళ్లీ డబ్బులు అడుగుతున్నారు, తర్వాత వేయించుకుంటం" అని వాయిదా వేయడం వెనుక ఉన్న ఆర్థిక ఇబ్బంది నిజమైనది, దాన్ని తేలికగా తీసిపారేయలేం. అందుకే మొదటి రోజే మొత్తం ఖర్చు, క్యాప్‌తో సహా, రోగికి చెప్పడం డాక్టర్ బాధ్యత. అంత డబ్బు ఒకేసారి లేకపోతే, కనీసం గట్టి శాశ్వత ఫిల్లింగ్ వేసి పంపాలి. నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో దంత వైద్య కళాశాలలున్నాయి. దూరమే అయినా, కష్టమైన వేర్లున్న పళ్లకు ఆ దారి ఒకటుంది.

నల్గొండ వైపు ఇంకో చిక్కు ఫ్లోరైడ్. మర్రిగూడ, చండూరు, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో చిన్నప్పుడు బోరునీళ్లు తాగి పెరిగినవారి పళ్ల ఎనామెల్ మచ్చలు పడి, గట్టిగా సోకినవారిలో పెచ్చులుగా లేస్తుంది. మిషన్ భగీరథ నీళ్లు ఇప్పుడు వస్తున్నా, ఎనామెల్ బాల్యంలోనే తయారవుతుంది కాబట్టి పెద్దవాళ్ల పళ్లు మారవు. ఫ్లోరైడ్ వల్ల రూట్ కెనాల్ పనికిరాదని కాదు. అంటుకునే ఫిల్లింగ్‌లు అలాంటి ఎనామెల్‌ను సరిగా పట్టవు, అంచుల్లో సందు పడుతుంది, ఆ సందు చివరికి వేరు కొనదాకా వెళుతుంది. ఈ పళ్లకు క్యాప్ అవసరం మామూలు పళ్ల కన్నా ఎక్కువ.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొన్ని మానవు. చాలాసార్లు కారణం దొరకని కాలువ, లేదా లోపల మిగిలిన క్రిములు. ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే క్రిమి రెండోసారి తెరిచిన పళ్లలో తరచూ కనిపిస్తుంది. అప్పుడు మళ్లీ తెరిచి చేయడం మొదటి దారి. మచ్చ ఉన్న పన్నుకు మొదటిసారి చేస్తే వచ్చే ఫలితం రెండోసారి రాదు. 1990లో స్యోగ్రెన్ అధ్యయనంలో మొదటిసారి 86 శాతం, రెండోసారి 62 శాతం మానాయి. కొద్దిమందిలో క్రిములు కాలువ దాటి వేరు బయటే స్థిరపడతాయి, లేదా కాలువతో సంబంధం తెగిపోయిన తిత్తి ఏర్పడుతుంది, లేదా బయటికొచ్చిన పదార్థమో, ఆరబెట్టడానికి వాడిన కాగితపు పోగులో పరాయి వస్తువులా రేపుతూ ఉంటాయి. వీటికి లోపలి నుంచి ఎంత చేసినా ఫలితం ఉండదు, చిగురు తెరిచి వేరు కొనను కోసి మూసే చిన్న ఆపరేషన్ కావాలి. మరికొందరిలో అసలు జబ్బే ఉండదు: ఎముక బదులు నారపోగులతో గాయం మాని, ఎక్స్‌రేలో చిన్న నల్లటి చుక్కలా మిగిలిపోతుంది. ఇది మానిన గాయపు గుర్తు, రోగం కాదు, దీన్ని ముట్టుకోకూడదు.

ఈ రకాలన్నీ ఒక్క ఎక్స్‌రేలో ఒకేలా కనిపిస్తాయి. విడదీసి చెప్పేది కాలక్రమంలో తీసిన ఎక్స్‌రేల పోలిక: చికిత్సకు ముందుది, నింపిన రోజుది, ఏడాది తర్వాతది. ఊరు మారినా, డాక్టర్ మారినా ఆ మూడూ రోగి చేతిలో ఉండాలి. ఫోన్‌లో ఫొటో తీసి తేదీ రాసి పెట్టుకున్నా సరిపోతుంది. ఏడాది తర్వాత ఎక్స్‌రే తీసేటప్పుడు పాతది చూపించి అదే కోణంలో తీయమని అడగాలి. కోణం మారితే మచ్చ పెరిగిందో తగ్గిందో చెప్పడం అనుభవమున్న కంటికి కూడా కష్టం.